మా రెండో వెర్షన్‌లో ఆయమ్మ తిట్లు

ఫోనులో "కొత్త వెర్షన్ వచ్చింది" అని కనపడగానే మీరు చిరాగ్గా పక్కకు తోసేస్తారు కదా. తోసేయండి, తప్పు లేదు. నేనూ తోసేస్తాను. కాకపోతే తోసే ముందు ఒక్క క్షణం, దాన్ని బయటికి వదిలి గుండె చిక్కబట్టుకు కూర్చున్న మనిషి ఎక్కడో ఉంటుందని తలచుకుంటాను. ఒకసారి అలా కూర్చున్నది నేనే. దోర్నపాల్‌లో, తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే అడవుల్లో ఒక చిన్న ఆసుపత్రిలో, చీటీలు ఇచ్చే కిటికీ వెనక.

మా నాన్న రైల్వే మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్‌కి వచ్చి, ఇనుపరాయి మోసే బళ్ళకి జెండా ఊపుతూ బతుకంతా అక్కడే గడిపాడు. నేను పుట్టి పెరిగింది ఆ కొండల కిందే. బీకాం చదివి, ఉద్యోగం దొరికిన చోటికి పోదామని బయలుదేరితే దోర్నపాల్‌లో దొరికింది. దానధర్మాల మీద నడిచే ఆసుపత్రి. నా పని రోగికి నంబరు వేసిన చీటీ ఇవ్వడం, వంతు వచ్చాక పిలవడం. ఇరవై ఏళ్ళకు పైగా అదే కిటికీ, అదే కుర్చీ. కుర్చీ మాత్రం రెండుసార్లు మార్చారు.

మా హాలులో కూర్చునేవాళ్ళ భాషలు మీరు వినాల్సింది. లోపలి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు దోర్లీ, గోండీ మాట్లాడేవాళ్ళు. జగ్దల్‌పూర్ వైపు వాళ్ళది హల్బీ. దుకాణాలవాళ్ళది హిందీ. కుంట వైపు వాళ్ళది తెలుగు, అదీ "ఏంది" అనే తెలుగు. నేను "ఏటి" అంటే మందులిచ్చే కంపౌండర్ పడీ పడీ నవ్వేవాడు. అతనిది భద్రాచలం పక్క. ఇన్ని భాషల మధ్య నేను పిలిచేది ఒక్క హిందీలో. ఎందుకంటే గోడ మీద బోర్డు హిందీలో ఉండేది.

ఒక సంత రోజు, లోపలి ఊరి నుంచి ఒక ముసలాయన, ఆయన భార్య వచ్చారు. చీటీ ఇచ్చాను. వాళ్ళ నంబరు మూడుసార్లు పిలిచాను. ఎవరూ లేవలేదు, తరవాతి నంబరు పిలిచేశాను. సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక చూస్తే ఇద్దరూ బల్ల మీద అలాగే కూర్చుని ఉన్నారు. చీటీ ముసలామె గుప్పిట్లో చెమటకి మెత్తబడిపోయింది. డాక్టరు గారు వెళ్ళిపోయారు, ఊరికి పోయే ఆఖరి జీపూ వెళ్ళిపోయింది. మా ఆసుపత్రి ఆయమ్మ వాళ్ళని తన ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టి, మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. తరవాత నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"చెల్లె, వాళ్ళు చెవిటోళ్ళు కాదు. నువ్వు పిలిచింది వాళ్ళనే అని వాళ్ళకెట్ల ఎరక?"

ఆయమ్మది దోర్లీ మాట్లాడే ఇల్లు. తెలుగూ వచ్చు, గోండీ వచ్చు, హిందీలో పోట్లాడడమూ వచ్చు. ఆవిడ హాలు ఈ చివర నిలబడి పిలిస్తే హైవే మీద లారీ బ్రేకు వేస్తుందని కంపౌండర్ అనేవాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. మా వైపు అక్కని అప్ప అంటాం కాబట్టి నేను ఆవిడని "అప్పా" అనేదాన్ని. ఆ పిలుపు ఆవిడకి మొదట్లో నవ్వు తెప్పించేది, తరవాత అలవాటైపోయింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటికి ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చింది. దాని మీద ప్రోగ్రాం రాయడం వీడియోలు చూసి, తప్పులు చేసి, నలభై ఏడేళ్ళ వయసులో నేర్చుకున్నాను. ఆరు నెలలకి ఒకటి తయారైంది. నంబరు కొట్టి మీట నొక్కితే చాలు, గోడకున్న స్పీకరు అయిదు భాషల్లో పిలుస్తుంది. దానికి "పిలుపు" అని పేరు పెట్టాను. దోర్లీ గొంతు ఆయమ్మది, తెలుగు గొంతు నాది. మిగతావి తలా ఒకరివి. తెలుగు దగ్గర మాత్రం పెద్ద యుద్ధం జరిగింది. "మీ నంబరు వచ్చీసింది" అని నేను, "అచ్చింది" అని కంపౌండర్. మూడు రోజులు వాదించుకున్నాక ఆయమ్మ తీర్పు చెప్పింది. "రమ్మంటున్నరా, పొమ్మంటున్నరా? అది సమజైతే చాలు."

"పిలుపు"ని నా దగ్గరే దాచుకోలేదు. ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టాను, లోపలి కోడ్‌తో సహా. అలా పెడితే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. ఎవరు చూస్తారులే అనుకున్నాను. రెండు నెలలకి ఈమెయిల్లో ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో మనకి పగలైతే వాళ్ళకి రాత్రయ్యే దేశంలో ఉండే ఒకాయన, నా కోడ్‌లో తప్పు పట్టుకుని, దిద్ది మరీ పంపాడు. నేను ఆ ఉత్తరం అచ్చు తీసుకుని హాలంతా తిరిగి చూపించాను.

"తప్పు పడితే గింత సంబరమేందక్కా?" అన్నాడు కంపౌండర్.

"ఒరే తమ్ముడూ, చదివితేనే కదా తప్పు తెలిసేది! నేను రాసింది ఎవడో చదివేడురా!"

ఆ దూరపాయన ఆ తరవాత నాతోపాటు ప్రాజెక్టు చూసుకునేవాడయ్యాడు. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. రాస్తే రెండు ముక్కలే రాసేవాడు. మెల్లగా వాడేవాళ్ళు పెరిగారు. ఒక కొండదేశపు వైద్యశాల, సముద్రం ఒడ్డున ఒక బడి వంటశాల, ఎక్కడిదో ఒక గ్రంథాలయం కూడా. ఎవరి భాష వాళ్ళు చేర్చుకునేవాళ్ళు. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళకి నాకు పొద్దున్నే ఆసుపత్రికి పరిగెత్తాలనిపించేది.

ఇక అసలు రోజు. రెండో వెర్షన్ విడుదల.

దానికోసం ఏడాది పైగా కష్టపడ్డాం. విడుదలకి ముందు చూడాల్సిన పనులన్నీ పాత క్యాలెండర్ వెనక రాసి కిటికీ పక్కన అంటించాను. ఒక్కొక్కటీ చేసి టిక్కు పెట్టాలి. ఆఖరిది ఇది: "కొత్త కంప్యూటర్ మీద మొదటి నుంచి ఎక్కించి చూడాలి." మా ఆసుపత్రిలో రెండో కంప్యూటర్ కంపౌండర్ దగ్గర ఉండేది. అతని ముందు మందులకి ఇరవై మంది నిలబడి ఉన్నారు. నా కంప్యూటర్‌లో అంతా బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పెన్ను చేతిలో ఉంది. టిక్కు పెట్టేశాను.

మీకు నేను చెప్పగలిగిన సాంకేతిక జ్ఞానం ఇంతే: చెయ్యని పనికి టిక్కు పెట్టకండి.

మీట నొక్కి వదిలాను. కంపౌండర్ మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. డాక్టరు గారు తెల్లకోటుతోనే వచ్చి రెండు తిన్నారు. ఆయమ్మ నా నెత్తిన చేయి పెట్టి "పో, బిడ్డ పుట్టింది" అంది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్నానో తేలుతున్నానో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున కంప్యూటర్ తెరిస్తే ఇరవైకి పైగా ఉత్తరాలు.

"తమ్ముడూ, రారా! అప్పా, నువ్వూ రా! ఎన్ని అభినందనలు వచ్చేయో చూడండి!"

కంపౌండర్ వచ్చాడు. ఆయమ్మ వార్డులో ఉంది, రాలేదు. రాకపోవడం నా అదృష్టం. మొదటిది గట్టిగా చదివి తెలుగులో చెప్పాను. "కొత్త వెర్షన్ ఎక్కించుకున్నాం, ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం, ఈ అమ్మగారు ఎవరు?" నాకు అర్థం కాలేదు. రెండోది బడి వంటశాలది. "పిల్లలందరూ ఒక్కసారిగా కూర్చుండిపోయారు. అన్నానికి ఎవరూ రావడం లేదు." మూడోది గ్రంథాలయం. "మాది నిశ్శబ్దంగా ఉండవలసిన చోటు. దయచేసి గమనించండి." ఈ ముక్క చదివేసరికి నా గొంతు తగ్గిపోయింది.

కంపౌండర్ కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ ఎక్కించాం. నంబరు నొక్కాం. ఆయమ్మ గొంతు దోర్లీలో కమ్మగా పిలిచింది. పిలిచి ఊరుకోలేదు. ఆ వెంటనే ఉరుములాగా అందుకుంది. దాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "కూర్చోండి! అందరూ ఒక్కసారే ఎందుకు లేస్తారు? మీ నంబరు ఎక్కడికి పారిపోతుంది? ఒరే, ఆ గోడ మీద ఉమ్మావంటే నీతోనే కడిగిస్తా!"

జరిగింది ఏమిటంటే, గొంతు రికార్డు చేసిన రోజున ఆయమ్మ దుప్పట్ల గదిలో తలుపు తెరుచుకుని కూర్చుంది. పిలుపు చెప్పాక బయట హాలులో జనం లేవడం చూసి తన డ్యూటీ తాను చేసింది. నేను ఆ ముక్క కత్తిరించి, మంచిదాన్ని ఒక పక్క, కత్తిరించనిదాన్ని ఒక పక్క పెట్టుకున్నాను. విడుదలకి ముందు అన్నీ శుభ్రంగా సర్దుతూ, ఆ రెంటినీ తారుమారు చేశాను. అది చాలదన్నట్టు, కొత్త వెర్షన్‌లో వాడేవాళ్ళు ఎంచుకున్న భాషని దాచుకునే చోటు పేరు మార్చాను. దాంతో పాతవాళ్ళు పెట్టుకున్న భాషలేవీ ప్రోగ్రాంకి దొరకలేదు. భాష ఏదీ లేకపోతే ప్రోగ్రాం ఇంగ్లీషు అక్షరాల వరసలో మొదటిది తీసుకుంటుంది. మిగిలినవి మా అయిదే: దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ, తెలుగు. ఆ వరసలో ముందున్నది దోర్లీ.

నా కంప్యూటర్‌లో మాత్రం పరీక్ష కోసం కొత్త పేరు ముందే పెట్టుకున్నాను, పైగా పరీక్షకి ఎంచుకున్నది ఒక్క తెలుగే; హాలులో పిలిచేది ఇంకా పాత వెర్షనే. అందుకే నాకు ఏమీ వినపడలేదు.

కంపౌండర్ కుర్చీ మీద నుంచి జారి నేల మీద కూర్చుని నవ్వుతున్నాడు. "అక్కా, ఆయమ్మ లోకమంతా తిడుతున్నదక్కా!" నాకు ఏడుపు రావాల్సింది పోయి నవ్వు తన్నుకొచ్చింది. ఇద్దరం కళ్ళు తుడుచుకుంటూ మిగతా ఉత్తరాలు చదివాం. కొండదేశపు వైద్యశాల నర్సు ఇలా రాసింది: "ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ మా హాలులో అందరూ గోడకి దూరంగా జరిగారు. ఇది కొత్త సౌకర్యమా?"

అన్నిటికంటే కింద దూరపాయన ఉత్తరం. ఎప్పటిలాగే రెండు ముక్కలు. "ఎంత గొప్ప గొంతు. ఇది ప్రపంచమంతా వినడానికి ఆమె ఒప్పుకున్నారా?"

నవ్వు ఆగిపోయింది.

నేను ఆవిడతో చెప్పింది "మన హాలు కోసం, అప్పా" అని. అంతే. తరవాత కోడ్ బయట పెట్టినప్పుడు గొంతులూ దానితోపాటే పోయాయి. మిగతావాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళే, అడిగాను. వార్డులు తుడిచే ఆవిడని అడగాలని మాత్రం నాకు తట్టలేదు. అందరికీ తెరిచి పెట్టానని ఏడాదిగా గర్వపడుతున్నాను. నేను రాసింది తెరవడం నా ఇష్టం. ఇంకొకరి నోరు తెరవడానికి నేనెవర్ని?

అంత మాట రోజంతా దాచుకోలేను. వెనక పెరట్లోకి వెళ్ళాను. ఆయమ్మ దుప్పట్లు ఉతుకుతోంది. నిలబడే అంతా చెప్పేశాను. ఎక్కడెక్కడ వినపడిందో, గోడ మీద ఉమ్మడం సంగతితో సహా. ఆవిడ తడి దుప్పటి ఒక కొస నాకిచ్చింది.

"పట్టు."

పట్టుకున్నాను. ఇద్దరం చెరో వైపు పిండుతున్నాం.

"ఎంత దూరం పోయింది?"

"సముద్రాలు దాటీసిందప్పా."

"నన్ను అడగకుండనే?"

"అడగలేదప్పా. తప్పు నాదే. నువ్వు వద్దంటే ఇప్పుడే తీసేస్తాను. నీ గొంతు మొత్తం, ఎక్కడా లేకుండా."

ఆవిడ దుప్పటిని ఎంత గట్టిగా మెలిపెట్టిందంటే నా చేతులు నొప్పి పుట్టాయి. నీళ్ళు కారడం ఆగింది. ఇంకా మెలిపెడుతూనే ఉంది. వదలమని అడిగే ధైర్యం నాకు లేదు.

"ఇంతకీ కూసున్నరా?"

"ఎవరప్పా?"

"నేను కూసోమన్నగా. కూసున్నరా లేదా?"

"కూర్చున్నారప్పా. పిల్లలైతే అన్నానికి కూడా లేవలేదంట."

ఆయమ్మ మొహం మొదట బిగుసుకుంది, తరవాత ముక్కుపుటాలు అదిరాయి, ఆపైన ఆపుకోలేక విరగబడి నవ్వింది. చేతిలో కొస వదిలేసింది. నేను వెనక్కి పోయి, దుప్పటితో సహా బురదలో కూలబడ్డాను. లేపడానికి వచ్చి ఆవిడా నా పక్కనే చతికిలబడింది. "చిన్నప్పుడు మా అన్న అనేటోడు, నీ గొంతు తగ్గియ్యే, అడివి అవతలి ఊరికి ఇనపడతదని. సముద్రం అవతలికి ఇనపడ్డదని వానికి ఎవరు చెప్తరు?"

నవ్వు తేలిపోయాక ఆవిడ లేచి కొంగు దులుపుకుని, వేలు చూపించి చెప్పింది.

"పిలుపు అందరికీ ఇయ్యి. తిట్టు మాత్రం అడిగినోళ్ళకే ఇయ్యి. దవాఖానకొచ్చినోళ్ళు బాధల ఉంటరు, ఉత్తగ తిట్టొద్దు. ఇంకోటి, ఇకమీద ఏది పంపినా ముందుగాల నాకు ఇనిపియ్యి."

"అలాగే అప్పా."

"దుప్పటి మల్లా ఉతుకు. నువ్వే."

ఉతికాను. ఆ తరవాత కూర్చుని మధ్యాహ్నానికల్లా దిద్దేశాను. ఎవరి భాష వాళ్ళకి తిరిగి వచ్చేటట్టు చేశాను. భాష లేకపోతే ప్రోగ్రాం నోరు మూసుకుని అడిగేటట్టు పెట్టాను. తిట్టుకి వేరే మీట పెట్టాను, మొదట్లో అది ఆపి ఉంటుంది. ఈసారి కంపౌండర్ మందుల కిటికీ కాసేపు మూసి తన కంప్యూటర్ ఇచ్చాడు. ఆయమ్మ కుర్చీలో కూర్చుని అయిదు భాషలూ విని తల ఊపింది. కొత్తగా ఏం మారిందో రాయాల్సిన చోట ఆవిడ చెప్పినదే రాశాను: "పిలుపు అందరికీ. తిట్టు అడిగినవారికే."

పంపుదామని చూస్తే నెట్‌వర్క్ లేదు. అప్పుడే పడిన వానకి టవర్ పడుకుంది. అక్కడ లోకమంతా ఆయమ్మ తిడుతూనే ఉంది.

"కుంట రోడ్డు మీద చడావు దగ్గర సిగ్నల్ దొరుకుతదక్కా," అన్నాడు కంపౌండర్. డాక్టరు గారు నవ్వు ఆపుకుంటూ ఒక గంట సెలవూ, దిద్దినది ఎక్కించుకోడానికి తన ల్యాప్‌టాప్‌ కూడా ఇచ్చారు. ముగ్గురం బయలుదేరుతున్న జీపులో ఇరుక్కున్నాం. నా ఒళ్ళో ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్ మీద ఎవరిదో కోడి మెడ, కాళ్ళ కింద చింతపండు బస్తా. ఆ చడావు, అంటే రోడ్డు మీది ఎత్తు, ఎక్కగానే కంపౌండర్ "ఆపు, ఆపు!" అని అరిచాడు. అతని ఫోనులో రెండు గీతలు వచ్చాయి.

"క్యా హువా?" అన్నాడు డ్రైవరు.

"రెండు నిమిషాలు అన్నా, ఒకటి పంపాలె."

"ఏం పంపుతున్నరు?" అని అడిగింది కోడి గల ఆమె.

"నా తిట్లు ఆపుతున్నం," అంది ఆయమ్మ, జీపంతా వినపడేలా. "సముద్రం అవతల తిడుతున్న. వీళ్ళు ఆపుతున్నరు."

జీపులో ఒక్కరికీ అర్థం కాలేదు. అయినా అందరూ మెడలు సాచి తెర వంక చూశారు. నేను అతని ఫోను నెట్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, మీట మీదికి వేలు తీసుకుపోయి ఆగాను. ల్యాప్‌టాప్ ఆయమ్మ వైపు తిప్పాను. ఆవిడ వేలు కొంగుకి తుడుచుకుని నొక్కింది. పచ్చగీత మెల్లగా పాకుతోంది. సగానికి వచ్చి ఆగింది. డ్రైవరు "జల్దీ, బాయీ" అన్నాడు. కోడి గల ఆమె అతన్ని కసిరింది, "ఆగయ్యా, ఆమె పని అయిపోనియ్యి." గీత మళ్ళీ కదిలింది, చివరికి చేరింది. కంపౌండర్ "అయిపోయింది!" అని కేక పెట్టాడు. జీపు జీపంతా చప్పట్లు కొట్టింది. దేనికో తెలియకుండా ఇంత మంది చప్పట్లు కొట్టిన విడుదల నా జీవితంలో మరొకటి లేదు.

తరవాతి ఏళ్ళలో చాలా విడుదలలు చేశాను. తప్పులు తగ్గాయి, టిక్కులు నిజమయ్యాయి. క్యాలెండర్ వెనక కొత్తగా ఒక వరస చేరింది: "ఆయమ్మ విన్నదా?" నేను రిటైరయ్యేటప్పుడు ప్రాజెక్టుని కొత్తవాళ్ళకి అప్పగించాను. ఆ వరస మాత్రం చెరపవద్దన్నాను. వాళ్ళు అది ఏదో సాంకేతిక పదం అనుకుంటున్నారని విన్నాను. అనుకోనీయండి.

కానీ నాకు అన్నిటికంటే గుర్తుండేది ఆ జీపు ప్రయాణం తరవాత కొన్ని వారాలకి జరిగినది. కొండదేశపు వైద్యశాల నుంచి ఒక ఫైలు వచ్చింది. నర్సు రాసింది: "మా వార్డు శుభ్రం చేసే ఆవిడ, మీ అమ్మగారి గొంతు విన్నప్పటి నుంచి తానూ మాట్లాడతానని పట్టుబట్టింది. ఇదిగో."

డాక్టరు గారు, కంపౌండర్, ఆయమ్మ, అందరం కిటికీ దగ్గర చేరాం. నొక్కాను. ఒక ముసలి గొంతు, బొంగురుగా, చల్లటి చోట ఉండే మనుషులు మాట్లాడినట్టు మూతి సరిగా తెరవకుండా, ఏదో చెప్పింది. చెప్పి పకపకా నవ్వింది. మాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఆయమ్మ రెండోసారి పెట్టించుకుని కళ్ళు మూసుకుని వింది. మూడోసారి వింది. తరవాత కంప్యూటర్ దగ్గరికి వంగి, దోర్లీలో గట్టిగా, చాలాసేపు జవాబు చెప్పింది. హాలులో కూర్చున్న దోర్లీ వాళ్ళు ఒకరినొకరు తట్టుకుని నవ్వారు.

"ఆమెకు ఇనపడదు ఆయమ్మా," అన్నాడు కంపౌండర్. "అది ఫోను కాదు."

"మరి ఇనపడాలంటే ఏం చెయ్యాలె?"

"రికార్డు చేసి, అందుల పెట్టి, మల్లా కొత్త వెర్షన్ వదలాలె."

ఆయమ్మ నా వైపు తిరిగింది.

"ఇన్నవు గదా చెల్లె. ఇంక ఏంది చూస్తున్నవ్? తలుపు మూసి మైకు తే."